నాపా గుహల్లో పలుగు గుర్తులు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బే ఏరియా తెలుగువాళ్ళు చూపించే చోట్లు దాదాపు ఖాయం. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, ఆ తర్వాత నాపా లోయ. "మేం తాగం కదరా, అక్కడికెందుకు?" అంటారు పెద్దవాళ్ళు. "తాగక్కర్లేదు నాన్నా, తోటలు బావుంటాయి" అంటారు పిల్లలు. నిజంగానే బావుంటాయి. కానీ నాపాకి పదేపదే వెళ్ళాక నాకు తోటల కంటే, గ్లాసుల కంటే, అక్కడివాళ్ళు చెప్పే కథల మీద ఆసక్తి పెరిగింది. ఆ కథల్లో ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళ మీద ఇంకా ఎక్కువ.

నాపా ఊరి నుంచి ఉత్తరంగా కాలిస్టోగా దాకా 29వ నంబరు రోడ్డు ముప్పై మైళ్ళ లోపే. దారికి రెండువైపులా వైనరీలే. ఏ వైనరీకెళ్ళినా తంతు ఒకటే. నాలుగైదు రకాల వైన్లు రెండేసి గుక్కల చొప్పున పోస్తారు. వద్దనుకుంటే పారబొయ్యడానికి పక్కనే ఒక పాత్ర పెడతారు. పోసే మనిషి ఈలోగా ఆ కుటుంబం కథ చెప్తాడు: ఫలానా ఆయన జర్మనీ నుంచి వచ్చాడు, ఈ కొండవాలు చూసి ముచ్చటపడ్డాడు, తోట వేశాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి కథ కూడా అయిపోతుంది.

దారిలో మొదట తగిలే పెద్ద మజిలీ యౌంట్‌విల్. జార్జ్ యౌంట్ అనే ఆయన పేరే ఆ ఊరికి పెట్టారు. కాలిఫోర్నియా మెక్సికో చేతిలో ఉన్న రోజుల్లో, 1836లో, ఆ ప్రభుత్వం ఆయనకి ఇక్కడ భూమి రాసిచ్చింది. అంతకుముందు ఇది వాప్పో అనే ఆదివాసుల నేల. ఈ లోయలో మొదటి ద్రాక్ష తీగలు నాటింది యౌంటే అని చెప్తారు. ఇప్పుడు ఆ ఊరు భోజనాలకి ప్రసిద్ధి. ఫ్రెంచ్ లాండ్రీ అన్న రెస్టరెంటు ఇక్కడే ఉంది. పేరు వింటే వింతగా ఉంటుంది కానీ అది చాకిరేవు పేరే. ఆ రాతికట్టడం 1900లో సెలూన్‌గా, అంటే మద్యం దుకాణంగా మొదలైంది. ఊళ్ళో మాజీ సైనికుల ఆశ్రమం ఉంది. అలాంటి ఆశ్రమానికి మైలు దూరంలో మద్యం అమ్మకూడదని 1906లో చట్టం వచ్చింది. తర్వాత, 1920లలో, అది బట్టలుతికే లాండ్రీ అయింది. 1978లో ఒక జంట దాన్ని రెస్టరెంటుగా మార్చారు. 1994లో థామస్ కెల్లర్ కొన్నాక ప్రపంచమంతా పేరు పాకింది.

ఒక చట్టం మద్యం దుకాణాన్ని మూయించగలదు. ఎక్కడ తాగాలో, ఎక్కడ తినాలో కూడా చట్టమే చెప్పగలదు. సిలికాన్ వాలీలో పళ్ళతోటలు ఇళ్ళకింద మాయమైపోతున్న రోజుల్లో, 1968లో, నాపా కౌంటీ ఈ లోయని వ్యవసాయానికే కేటాయించింది. ఇక్కడ ఇరవై ఎకరాల కంటే చిన్న ముక్కలుగా భూమి కొయ్యకూడదంది. తర్వాత ఆ హద్దు నలభైకి పెరిగింది. 1990లో వచ్చిన ఇంకో చట్టం, వైనరీ అంటే వైన్ తయారుచేసే చోటే కానీ హోటలు కాదు అని తేల్చింది. కొత్త వైనరీల్లో రుచి చూడాలంటే ముందుగా చెప్పి రావాలి. కూర్చుని భోంచేసే రెస్టరెంటు అక్కడ నడపకూడదు. అందుకే ఈ లోయలో తాగుడు తోటల్లో, తిండి ఊళ్ళలో. రెంటి మధ్యా మనం కారు నడుపుతూ తిరుగుతాం.

యౌంట్‌విల్ దాటి సెయింట్ హెలీనా చేరితే పాత వైనరీలు మొదలవుతాయి. చార్లెస్ క్రూగ్ 1861లో మొదలుపెట్టింది అక్కడే. జేకబ్, ఫ్రెడరిక్ బెరింజర్ అన్నదమ్ములది 1876. దేశమంతా మద్యనిషేధం అమలైన 1920-33 మధ్య చాలా వైనరీలు మూతపడ్డాయి. బెరింజర్‌వాళ్ళు మాత్రం చర్చిల్లో పూజకి వాడే వైన్ చేసుకుంటూ నెట్టుకొచ్చారు. నిషేధం ఎత్తేశాక 1934లో జనాన్ని లోపలికి పిలిచి చూపించడం మొదలుపెట్టారు. నేటి టేస్టింగ్ రూమ్ సంస్కృతికి ఒక మొదలు అది.

బెరింజర్ వెనక కొండలోకి తవ్విన సొరంగాలున్నాయి. ఎండాకాలం బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా లోపల అరవై లోపే. పీపాల్లో వైన్ నెమ్మదిగా పండటానికి కావలసింది ఆ చల్లదనమే. గోడ మీద చెయ్యి పెడితే గరుకుగా, గాట్లు గాట్లుగా తగులుతుంది. అవి పలుగు దెబ్బలు. యంత్రాలు లేని రోజుల్లో ఈ కొండని చేతుల్తో తొలిచింది చైనా కూలీలు.

వాళ్ళు ఇక్కడికెలా వచ్చారు? అమెరికా రెండు తీరాల్నీ కలిపే రైలుమార్గం 1869లో పూర్తయింది. పడమటి వైపు పని చేసినవాళ్ళలో ఎక్కువమంది చైనీయులే. సియెరా కొండల్లో గ్రానైటుని పేల్చి, తొలిచి, సొరంగాలు వేసినవాళ్ళు. ఆ పని అయిపోయాక చాలామంది కూలి వెతుక్కుంటూ గనులకీ పొలాలకీ చేరారు. నాపాలో పాదరసం గనుల్లో దిగారు, తోటలు నాటారు, ద్రాక్ష కోశారు, రాతిగోడలు కట్టారు. తెల్లవాళ్ళ కంటే తక్కువ కూలికి.

కాలిస్టోగా దగ్గర ష్రామ్స్‌బర్గ్‌లోనూ అలాంటి గుహలే. జేకబ్ ష్రామ్ 1862లో తోట కొన్నాడు. 1880లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కొత్తగా పెళ్ళయి, ఇక్కడి కొండమీద పాడుబడ్డ వెండిగనిలో కాపురం పెట్టి, ఒకరోజు ష్రామ్ ఇంటికొచ్చి ఆయన వైన్లన్నీ రుచి చూశాడు. ఆ సంగతంతా 'సిల్వరాడో స్క్వాటర్స్' అన్న పుస్తకంలో రాశాడు. టేస్టింగ్ రూమ్ యాత్రావ్యాసాలకి అదే తాత అనుకోవచ్చు.

స్టీవెన్సన్ వచ్చి వెళ్ళిన రెండేళ్ళకే, 1882లో, చైనా కూలీలు ఇక అమెరికాలో అడుగుపెట్టకూడదని చట్టమొచ్చింది. ఆ దశాబ్దం మధ్యలో సెయింట్ హెలీనాలోనే చైనీయుల్ని వెళ్ళగొట్టాలని సంఘాలు పెట్టారు. నాపా ఊళ్ళో ఉన్న చైనాటౌన్‌ని 1930 ప్రాంతంలో నేలమట్టం చేశారు.

ఇది వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. చైనీయుల కోసం కట్టిన ఆ గోడనే 1917లో పొడిగించి ఇండియానీ అందులో కలిపారు. 1923లో సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. పౌరులు కాలేని వాళ్ళు కాలిఫోర్నియాలో భూమి కొనకూడదని 1913 నుంచీ చట్టం. 1946లో ఆ తలుపు కాస్త తెరిచి ఏడాదికి వందమంది భారతీయులు రావచ్చన్నారు. పూర్తిగా తెరుచుకుంది 1965 చట్టంతో. బే ఏరియాలో ఇవాళ ఇన్ని తెలుగు ఇళ్ళు ఉన్నాయంటే ఆ తలుపు తెరుచుకోబట్టే. టేస్టింగ్ రూమ్‌లో బల్ల ముందు అతిథిగా కూర్చునే మర్యాద మనకి ఇలా దక్కింది.

పాడుబడిన ష్రామ్స్‌బర్గ్‌ని ఒక జంట కొని మళ్ళీ నిలబెట్టిందీ ఆ 1965లోనే. ఏడేళ్ళ తర్వాత, 1972 ఫిబ్రవరిలో, నిక్సన్ బీజింగ్ వెళ్ళినప్పుడు చౌ ఎన్‌లైతో కలిసి శాంతి కోరుతూ ఎత్తిన గ్లాసుల్లో ఉన్నది ష్రామ్స్‌బర్గ్ వైనే. వైనరీవాళ్ళు ఈ సంగతి గర్వంగా చెప్తారు, చెప్పదగ్గదే. చైనావాళ్ళు తవ్విన గుహలున్న వైనరీ నుంచి చైనా ప్రధానికి వైన్ వెళ్ళింది. తవ్వినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేను విన్నంతలో ఏ వైనరీలోనూ వినపడలేదు. "గుహలు చైనా కూలీలు తవ్వారు" అన్న ఒక్క వాక్యం చెప్పి తర్వాతి గ్లాసు పోస్తారు.

కాలిస్టోగాలోనే షాటో మాంటెలీనా ఉంది. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు సీసాల పేర్లు చూడకుండా రుచి చూసి, ఫ్రాన్సు వైన్ల కంటే మిన్న అని మొదటి స్థానమిచ్చిన తెల్ల వైన్ ఇక్కడిది. అక్కడొక చెరువుంది, జేడ్ లేక్. మధ్యలో దీవులు, చైనా పద్ధతి మంటపాలు. దాన్ని కట్టించింది చైనాలో పుట్టిన ఇంజనీరు యార్ట్ ఫ్రాంక్, ఆయన భార్య జీనీ. వాళ్ళీ ఆస్తి కొన్నది 1958లో. పరాయివాళ్ళకి భూమి దక్కనివ్వని ఆ పాత చట్టాన్ని కాలిఫోర్నియా ఓటర్లు ఎత్తేసింది 1956లో. మధ్యలో రెండేళ్ళే.

కోతల రోజుల్లో తెల్లవారుజామున ఆ రోడ్డు మీద వెళ్తే చీకటి తోటల్లో దీపాలు కదులుతూ కనిపిస్తాయి. నుదుటికి లైట్లు కట్టుకుని ద్రాక్ష కోస్తున్న మనుషులు. ఇప్పుడు వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. పొద్దెక్కి టేస్టింగ్ రూమ్‌లు తెరిచే వేళకి వాళ్ళ పని అయిపోయి ఉంటుంది. బల్ల దగ్గర వినిపించే కథలోకి వాళ్ళ పేర్లయినా వస్తాయో, వాళ్ళకీ ఒక వాక్యమే మిగులుతుందో, అది ఈ కాలంలో వింటున్న మనం ఏం అడుగుతామన్న దాన్ని బట్టి ఉంటుంది.