వెనిస్ మెచ్చిన జపాను

1951లో వెనిస్ చలనచిత్రోత్సవమున స్వర్ణసింహ బహుమానము 'రషోమోన్'కు లభించునాటికి, ఆ చిత్రము అచ్చట ప్రదర్శింపబడినదన్న సంగతియే దర్శకుడైన అకిరా కురొసావా ఎఱుగడు. ఇటలీ దేశీయురాలగు జూలియానా స్త్రామిజోలి దానిని చూచి ముగ్ధురాలై వెనిస్‌కు సిఫారసు చేయకున్నచో, స్వదేశమున నిర్మాతలకే అంతగా రుచింపని యా చిత్రము పొలిమేర దాటియుండెడిది కాదు. ఒక్క హత్యను నలుగురు నాలుగు విధముల చెప్పగా, అందేది సత్యమో తేల్చక ప్రేక్షకుని విడిచిపెట్టుట నిజముగ సాహసమే. ఛాయాగ్రాహకుడు కజువో మియగావా అద్దములతో ఎండను అడవి నీడలలోనికి మరలించెను. ఆకుల సందుల గుండ సూర్యబింబము మీదికే కెమెరాను త్రిప్పెను. నగరద్వారము కడ కురియు వాన తెరపై స్ఫుటముగ కానవచ్చుటకై ఆ నీటిలో నల్లసిరా కలిపిరి.

తరువాతి మూడేండ్లును వెనిస్‌లో జపాను దర్శకుడే యగు కెంజి మిజొగుచి చిత్రములకు వరుసగా బహుమానములు లభించినవి. వానిలో 1953 నాటి 'ఉగెత్సు'ను ఒక ఉత్సవమున చూచిన నాకు, అందలి యొక దృశ్యమునకు మించినది సినిమాలో కలదని చెప్ప మనసొప్పదు. ధనాశతో ఇల్లు విడిచిన కుమ్మరి చాలకాలమునకు తిరిగివచ్చి భార్యను పిలుచుచు చీకటింటిలో వెదకును, పొయ్యి చల్లారియున్నది. అతడు పెరటి దారిని వెలుపలికిపోయి ఇల్లు చుట్టి వచ్చుచుండగా, లోపలనే నిలిచిన కెమెరా అతనిని అనుసరించి మెల్లగా వెనుకకు మరలును. మరలునప్పటికి పొయ్యి వెలుగుచున్నది, ప్రక్కన భార్య కూర్చున్నది. ఆమె సైనికుల చేత ఎప్పుడో చంపబడినదని అతనికి తెల్లవారిన పిదపగాని తెలియదు. కోతలేని ఒక్క షాటులో మృత్యువును, దాంపత్యమును ఇట్లు పొదిగినవారు అరుదు.

1954లో కాన్ ఉత్సవపు అగ్రబహుమతి నందిన జపాను చిత్రము 'నరకద్వారము' అట్టిది కాదు. వర్ణశోభ కన్నులపండువే కాని, పాత్రల హృదయములు ఆ పట్టువస్త్రముల మాటుననే యుండిపోయినవి. కత్తులును, ప్రాచీన వేషములును గల చిత్రములకే విదేశములలో గిరాకి యని నిర్మాతలు తలచుటకు ఈ బహుమతులే కారణమైనవి. ఆ తలంపునకు బలియైనవాడు యసుజిరొ ఒజు. ఆయన చిత్రములు మరీ జపాను దేశీయములనియు, అన్యులకు బోధపడవనియు ఎంచి చాలకాలము వానిని బయటికి పంపరైరి. 1953లో వెలువడిన 'టోక్యో కథ'కు 1958లోగాని లండనులో సదర్లాండు ట్రోఫీ లభింపలేదు.

ఆ చిత్రమున, ఒనొమిచి నుండి బిడ్డలను చూడవచ్చిన వృద్ధ దంపతులకు టోక్యోలో ఎవరికిని తీరిక లేదు. అటామి వేడినీటి బుగ్గలకు పంపి చేతులు దులుపుకొందురు. యుద్ధమున మరణించిన కుమారుని భార్య నొరికో మాత్రము పనికి సెలవు పెట్టి వారిని ఊరంతయు త్రిప్పి చూపును. చాపపై కూర్చున్న మనుజుని చూపుకన్నను దిగువనుండి కెమెరా కదలక చూచుచుండ, నిష్ఠురమైన మాట యొక్కటి లేకయే గుండె బరువెక్కును. దీనిని అన్యులకు బోధపడనిదిగా ఎంచుట కన్న పొరపాటు లేదు. మన ఫిల్మ్ సొసైటీలవారు జపాను చిత్రములను తెప్పించునపుడు కురొసావాతోపాటు ఒజును గూడ తప్పక ప్రదర్శింతురు గాక.