కొండమీది రాజధాని

వేసవి వచ్చిందంటే తమిళనాట స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఊటీ ప్రయాణం మాట రాక మానదు. చెరువులో పడవ ఎక్కడం, పూలతోట చూడటం, తిరిగి వచ్చేటప్పుడు ఒక సీసా నీలగిరి తైలం, ఒక పొట్లం వర్కీలు కొనుక్కోవడం, అంతటితో యాత్ర ముగుస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఎండకు జడిసినవాడు చల్లని చోటు వెదుక్కుంటాడు. అయితే సుమారు 7,350 అడుగుల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో తిరుగుతున్నప్పుడు ఒక సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి. గంజాం మొదలు కడపదాకా, బళ్ళారిదాకా మన తాతముత్తాతలు కట్టిన పన్నుల లెక్కలు, వారి కష్టసుఖాలపై ఉత్తరువులు, ఏటా కొన్ని నెలలపాటు ఈ కొండమీదనే తయారయ్యేవి. మద్రాసు రాజధానికి ఇది వేసవి రాజధాని.

1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట నీలగిరులు కుంపిణీవారి చేతికి వచ్చాయి. చేతికి వచ్చాయన్న మాటే గాని, చాలా ఏండ్లు వారికి ఆ కొండలమీద ఏమున్నదో తెలియదు. కొండవారికి మాత్రం ఆ సీమ ఏనాడూ కొత్త కాదు. ఎనుములను మేపుకొనే తోడాలు, కమ్మరం, కుమ్మరం చేసే కోతలు, సేద్యం చేసే బడగలు, అడవుల్లో కురుంబలు, ఇరుళులు అక్కడ ఉన్నారు. బడగ అంటే కన్నడంలో ఉత్తరం. మైసూరు సీమ నుండి శతాబ్దాల క్రితం వలస వచ్చినవారికి ఆ దిక్కే పేరై నిలిచింది. వలస వచ్చిన మనవంటివారికి ఇది వింత కాదు గదా!

1818లో కోయంబత్తూరు కలెక్టరు కింది ఉద్యోగులు విష్, కిండర్స్‌లీ అనే ఇద్దరు పైకి వెళ్ళి వచ్చి చల్లదనం గురించి చెప్పారు. మరుసటి యేడు జనవరిలో కలెక్టరు జాన్ సల్లివన్ స్వయంగా ఎక్కాడు. దిగువ జిల్లాల్లో జ్వరాలతో తీసుకొనే తెల్లవారికి ఇంతకంటె మంచి మందు లేదని పైవారికి నచ్చజెప్పాడు. 1823 నాటికి సిరుముగై నుండి కోటగిరికి బాట పడింది. ఉదగమండలంలో 1822లో అతడు మొదలుపెట్టిన రాతి ఇంటిని కొండవారు ‘కల్ బంగళా’ అన్నారు. ఇప్పుడు మనం పడవలు నడిపే చెరువును తవ్వించినవాడూ, బంగాళాదుంప మొదలైన సీమకూరలు సాగు చేయించినవాడూ ఆయనే. చెరువు ఆనాడు ఇంతకంటె చాలా పెద్దది. గుర్రపు పందేల మైదానం, బస్సుల స్టాండు దానిని పూడ్చిన నేలమీద వచ్చినవే.

సల్లివన్ చిత్రమైన మనిషి. తోడాల దగ్గర ఎకరా ఒక రూపాయికి నేల కొన్నవాడూ ఆయనే. ఈ నేలపై సర్వహక్కులూ తోడాలవేనని పై అధికారులతో ఏండ్ల తరబడి వాదించినవాడూ ఆయనే. పైవారు ఆ వాదం ఒప్పుకోలేదు. 1830లో నీలగిరుల్లో ఎక్కువభాగం అతని అధికారం నుండి తప్పించి మలబారు జిల్లాలో కలిపారు. 1843లో గాని అది తిరిగి కోయంబత్తూరుకు రాలేదు. ఆయన భార్య, కుమార్తె సమాధులు అక్కడి సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆవరణలో ఉన్నాయి. 1829లో పునాది పడిన ఆ చర్చి దూలాలు శ్రీరంగపట్నంలోని టిప్పు మహలు నుండి తెచ్చినవి. ఘాటు రోడ్డు సరిగా లేని రోజుల్లో అంత కలపను మోసుకొని ఎక్కినవారి భుజాలు ఎవరివో ఏ పలకమీదా చెక్కలేదు.

మనకు బాగా తెలిసిన దొర ఒకడు ఈ కథలో వస్తాడు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉండి, పిమ్మట మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో 1826లో ఉదగమండలం చూడవచ్చాడు. చలిని మెచ్చుకున్నాడు, కాని అక్కడ నిలవలేదు. మరుసటి యేడు సీమకు తిరిగిపోయేముందు తన పాత రాయలసీమ జనానికి వీడ్కోలు చెప్పాలని పర్యటనకు బయలుదేరాడు. కలరా తగిలి 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కన్నుమూశాడు. పన్ను విధించడంలో ఆయన దయాళువని నేను అనను. అయినా జనం బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారంటే, ఆ మనిషి తమ ఎండలో తిరిగాడన్న ఎరుక అందులో ఉండి ఉండాలి.

ఆ తరువాతి గవర్నర్ల దారి వేరు. 19వ శతాబ్దం రెండవ భాగంలో ఏటేటా కొండకు తరలడం ఆచారమైంది. గవర్నరు, ఆయన సభ్యులు, కార్యదర్శులు, గుమాస్తాలు, బంట్రోతులు, కాగితాల పెట్టెలు అన్నీ కదిలేవి. మేట్టుపాళయం వరకు 1873లో రైలు వచ్చింది. అక్కడినుండి కూనూరుకు పళ్ళచక్రాల కొండరైలు 1899లోనూ, ఉదగమండలానికి 1908లోనూ చేరాయి. పన్నెండు అడుగులు పోతే ఒక అడుగు లేచే ఆ దారిని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. శ్రీకాకుళం వైపు రైతు ఒక అర్జీ పెట్టుకుంటే, అది మద్రాసు చేరి, ఘాటు ఎక్కి, దొరగారి సంతకంతో దిగిరావాలి. ఇన్ని నెలలు ప్రభుత్వం జనానికి ఎడంగా ఉండటం ఏమిటని మద్రాసులో విమర్శలు లేకపోలేదు. అవి కొండదాకా వినబడలేదు.

ఈ ఎడం ఎంతటిదో తెలియాలంటే ధాత నామ సంవత్సరం చూడాలి. 1876లో వానలు తప్పాయి. మన పెద్దలు ‘ధాత కరువు’ అన్నదే ఇక్కడి తమిళ సోదరులకు ‘తాదు వరుష పంజం’. 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనం నశించారు. బళ్ళారి, కర్నూలు, కడప మిక్కిలి దెబ్బతిన్నాయి. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నాలుగోవంతు మంది తగ్గిపోయారు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి చిల్లర చాలునన్నాడు. అది చాలదని, మనుషులు పనిచేస్తూనే చచ్చిపోతారని రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. దొరలందరినీ ఒకే గాటన కట్టరాదు.

ఆ యేడే వైస్రాయి లిట్టన్ ప్రభువు దక్షిణాదికి వచ్చి ఊటీ ఎక్కాడు. అక్కడ వాన పడుతున్నది. దారులు బురద. ఆ వాన తన దేశపు వానలా ఉన్నదని, ఆ బురద తన దేశపు బురదలా ఉన్నదని మురిసిపోయి ఆయన భార్యకు ఉత్తరం వ్రాశాడు. ఆ వాన చుక్క కోసమే ఆదోని, ఆలూరు నల్లరేగళ్ళు నెర్రెలు విచ్చి చూస్తున్నాయి. ఆ ఉత్తరం గురించి చదివినప్పుడెల్లా నాకు కోపంకంటె దిగులే ఎక్కువ కలుగుతుంది. కొండమీద ఉన్నవానికి కింది ఎండ తెలియదు; తెలియవలసిన అక్కరా లేదు.

ఆ కాలపు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. 1875 నుండి 1880 వరకు పాలించాడు. ఉదగమండలంలో గవర్నరు బంగళా కట్టించింది ఆయనే. మద్రాసులో అడయారును, కూవాన్ని కలిపే కాలువ అదే కరువులో కూలికి వచ్చినవారి చేత తవ్వించారు. దానికి ఆయన పేరే పెట్టారు. నెల్లూరు మీదుగా కృష్ణా డెల్టా వరకు పోయే ఆ బకింగ్‌హాం కాలువలో మన పడవలు ఎన్నో ఏండ్లు ఉప్పు, ధాన్యం, కట్టెలు మోశాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నీలగిరులు సహజంగానే ఇటు నిలిచాయి. అటువారికి మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ ఉన్నది. 1860ల్లో కడప కలెక్టరు హార్స్‌లీ దొర అక్కడ ఇల్లు కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఉదగమండలం మాత్రం కాగితాలలో తన పేరు తిరిగి తెచ్చుకున్నది. దొరలు ‘ఊటకమండ్’ అన్న దానిలోని ‘మండ్’ తోడాల పల్లెకు పేరు.

ఈ వేసవిలో వెళ్ళేవారికి ఒక మనవి. మే నెల పూల ప్రదర్శన చూచిన వెంటనే తిరిగి రాకండి. 1848లో మెకైవర్ తీర్చిన ఆ తోటలో గట్టు పైకి నడవండి. గవర్నరు బంగళా ఆ పక్కనే చెట్ల మాటున ఉంటుంది. తరువాత అది రాజభవనం అయింది, లోపలికి పోనివ్వరు. ఇంకా కొంచెం ఎక్కితే ఒక తోడా మందు కనిపిస్తుంది. గడప దగ్గర చెప్పులు విడిచి, పెద్దలుంటే పలకరించి, ఫోటో తీసేముందు అడగండి.