ఎమ్‌సింక్
ఎమ్‌సింక్ అనేది యునిక్స్ తరహా నిర్వాహక వ్యవస్థలలోని ఒక సిస్టమ్ కాల్. ఎమ్‌మ్యాప్ ద్వారా మెమరీలోనికి మ్యాప్ చేసిన ఫైలులోని మార్పులను డిస్కుకు చేర్చడానికి దీనిని ఉపయోగిస్తారు. ఇది పోసిక్స్ ప్రమాణంలో భాగము.

మ్యాప్ చేసిన ఫైలులో ప్రోగ్రాము వ్రాసినది మొదట కెర్నెల్ అధీనంలోని పేజీ క్యాషెలో మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినా ఆ మార్పులు నశించవు, కెర్నెల్ వాటిని తరువాత డిస్కుకు వ్రాస్తుంది. కానీ ఈలోగా విద్యుత్తు పోతే అవి దక్కవు. పైగా ఏ పేజీ ముందుగా వ్రాయబడుతుందో చెప్పలేము. ఖాతాల ఫైలులో ఒక పేజీలో సొమ్ము తగ్గించి వేరొక పేజీలో కలిపినపుడు, రెండింటిలో ఒకటే డిస్కుకు చేరడం ఏదీ చేరకపోవడం కంటే ప్రమాదకరము. ఎమ్‌సింక్ ఒక్కటే దీనిని నివారించలేదు. పిలిచిన తరువాత వ్రాత పూర్తయినదని అది తెలుపుతుంది గాని, అంతకు ముందే కెర్నెల్ వ్రాయకుండా ఆపదు. అందుచేత అనేక డేటాబేసులు మార్పుల చిట్టాను ముందుగా డిస్కుకు చేర్చి, ఆపైననే అసలు పేజీలను మారుస్తాయి.

ఈ కాల్‌కు ఇచ్చే ప్రారంభ చిరునామా పేజీ పరిమాణానికి గుణిజమై ఉండాలి. ఎమ్‌ఎస్_సింక్ ఫ్లాగు ఇస్తే వ్రాత పూర్తయ్యేవరకు ప్రోగ్రాము వేచి ఉంటుంది. ఎమ్‌ఎస్_ఎసింక్ ఇస్తే వెంటనే తిరిగివస్తుంది. లినక్స్ 2.6.19 (2006) నుండి ఈ రెండవ ఫ్లాగు వలన ఆచరణలో ఏమీ జరగదు. మ్యాప్_ప్రైవేట్ పద్ధతిలో చేసిన మార్పులు ఎమ్‌సింక్‌ను ఎన్నిసార్లు పిలిచినా ఫైలుకు చేరవు. విఫలమైనపుడు ఇది -1 ను ఇస్తుంది. ఆ విలువను పరీక్షించని ప్రోగ్రాముకు డిస్కు దోషము తెలియదు.