మా ఇంటి బండ మీద నిమ్మరసం

ఆళ్లగడ్డలో మా ఇంట్లో పరిచినవి బేతంచెర్ల బండలు. వాటిమీద నిమ్మరసం పడితే అమ్మ ఊరుకునేది కాదు, తెల్లమచ్చ పడితే ఇక పోదని. హైస్కూల్లో చేరిన కొత్తలో ‘ఆమ్లం, కార్బనేట్ కలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది’ అని బట్టీ పట్టాను. మార్కులూ వచ్చాయి. కానీ ఆ బండ సున్నపురాయి అని, ఆ మచ్చే ఆ పాఠమని బీటెక్ అయ్యేదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు చరిత్ర చూడండి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన గ్రంథం 1872లోనే అచ్చయింది. ఇక్కడి రాతిపొరలకు పేర్లన్నీ మన ఊళ్లవే: నంద్యాల షేల్, కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైట్. జియాలజీ వాళ్లు ఇవాళ్టికీ అవే వాడతారు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ శాస్త్రలోకం దృష్టికి తెచ్చాడు. 3,229 మీటర్ల ఆ గుహలను తొలిచింది ఏంటి? గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ కలిసి కాస్త ఆమ్లంగా మారిన నీళ్లు. అమ్మ తిట్టిన మచ్చకు అది పెద్దన్న అన్నమాట!

సైన్స్ టీచర్లకు నా మనవి ఒకటే. ఆమ్లాల పాఠం రోజు ఒక బండముక్క, ఒక నిమ్మకాయ తెప్పించండి. గీకిన పొడి మీద పిండించండి. బుడగలు చూశాకే సమీకరణం రాయించండి. ల్యాబ్ లేదని ఆగక్కర్లేదు, మన పిల్లలు కూర్చున్నదే ల్యాబ్ మీద.