నెక్కార్ తీరాన ఒక వేదశాఖ

శ్రుతి గురుముఖం నుండి శిష్యుని చెవికీ, చెవి నుండి కంఠానికీ చేరవలసినది. అందుకే వ్రాతప్రతిని చూచి చదివేవానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చింది. అయినా కాశ్మీరదేశపు అథర్వవేదశాఖ ఒకటి నేటికీ నిలిచి ఉన్నదంటే, అది ఒక వ్రాతప్రతి పుణ్యమే. ఆ ప్రతి చేరిన చోటు జర్మనీ దేశంలోని ట్యూబింగెన్ అనే చిన్న విద్యానగరం.

ఆ ఊరిని తెలుసుకోవడానికి పాదచారమే తగిన సాధనం. నెక్కార్ నదిపై వంతెన మీద నిలిస్తే, నీటి అంచున పసుపువన్నె గోపురగృహం ఒకటి కనిపిస్తుంది. మతి చలించిన కవి హోల్డర్లిన్ 1807 నుండి 1843లో దేహం చాలించే వరకు, 36 సంవత్సరాలు, ఒక వడ్రంగి కుటుంబపు ఆశ్రయంలో ఇక్కడే జీవించాడు. అక్కడికి కొద్ది అడుగుల దూరంలో 1536లో స్థాపితమైన ష్టిఫ్ట్ అనే క్రైస్తవ విద్యార్థినిలయం ఉంది. గ్రహగతుల నియమాలను కనుగొన్న కెప్లర్ 1589లో ట్యూబింగెన్‌లో చదువు ప్రారంభించి ఈ నిలయంలోనే పెరిగాడు. రెండు శతాబ్దాల తరువాత హోల్డర్లిన్, హెగెల్, షెల్లింగ్ ఇక్కడే సహాధ్యాయులు. కవిత్వం, తత్త్వం, జ్యోతిశ్శాస్త్రం ఒకే గురుకులచ్ఛాయలో పెరిగాయన్నమాట.

ఎగువకు నడిస్తే అంగడివీధి వస్తుంది. పురమందిరపు నెత్తిన 1511 నాటి ఖగోళఘటిక నిలిచి ఉంది. అక్కడినుండి రాళ్లు పరచిన ఏటవాలు దారి హోహెన్‌ట్యూబింగెన్ కోటకు చేరుస్తుంది. ఎబర్‌హార్డ్ ప్రభువు 1477లో స్థాపించిన విశ్వవిద్యాలయానికి 19వ శతాబ్దంలో ఈ కోటయే జ్ఞానకోశమైంది. పూర్వం వంటశాలగా ఉన్న గదిలో మీషర్ అనే యువకుడు 1869లో జీవకణకేంద్రపు ద్రవ్యాన్ని వేరుపరిచాడు. నేడు లోకం డీఎన్ఏ అని పిలిచేది దానినే. అదే కోటలో విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉండేది.

ఆ గ్రంథాలయానికి 1856 నుండి అధిపతి రుడాల్ఫ్ వాన్ రోత్. యాస్కుని నిరుక్తాన్ని 1852లో ప్రకటించినవాడు. బోట్లింక్‌తో కలిసి ఏడు సంపుటాల మహా సంస్కృతనిఘంటువును 1855–1875 నడుమ వెలువరించినవాడు. తన శిష్యుడైన అమెరికా దేశీయుడు విట్నీతో కలిసి 1856లో శౌనకశాఖీయమైన అథర్వసంహితను ముద్రింపజేశాడు. కాశ్మీరంలో మరొక శాఖ ఉన్నదని వినికిడి కలగగా, సర్ విలియం మ్యూర్ ప్రమేయంతో, మహారాజు రణబీర్ సింగ్ ఔదార్యంతో, శారదాలిపిలోని భూర్జపత్రప్రతి ఒకటి ఆయన చేతికి వచ్చింది. అదే పైప్పలాదశాఖ. 1895లో ఆయన గతించిన అనంతరం ఆ ప్రతి విశ్వవిద్యాలయానికి చెందింది. 1901లో బ్లూమ్‌ఫీల్డ్, గార్బే దాని ఛాయాచిత్రప్రతిని లోకానికి అందించారు.

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. రోత్ సాయణభాష్యాన్ని ప్రమాణంగా అంగీకరించలేదు. వేదాన్ని వేదంతోనే వ్యాఖ్యానించాలని ఆయన వాదం. యజ్ఞం, సంప్రదాయం ఎరుగని నిఘంటువు మంత్రార్థాన్ని ఎంతవరకు చూడగలదు? ఈ ఆక్షేపం న్యాయమైనదే. కానీ దాని వెంట మరొక ప్రశ్న కూడా రావాలి. కాశ్మీరంలో ఆ శాఖ కంఠాలలో ఎందుకు నిలవలేదు? ఆ ప్రతిలో లేఖకదోషాలు విస్తారం. వాటిని సరిదిద్దగల అధ్యేతలు అప్పటికే కరవయ్యారు. దోషం భూర్జపత్రానిది కాదు.

సమాధానంలో కొంత భాగం ఉత్కళదేశంలో దొరికింది. 1950వ దశకంలో దుర్గామోహన్ భట్టాచార్య అక్కడి ఆథర్వణిక బ్రాహ్మణ గృహాలలో అదే సంహితకు తాళపత్రప్రతులను కనుగొన్నారు. ఇంటివారు తమ శాఖను మరువలేదు కనుకనే ఆ పత్రాలు మిగిలాయి. కాశ్మీరప్రతిలో చెడిన పాఠాలు వాటి సహాయంతో కుదుటపడసాగాయి.

కనుక పరదేశీయుని శ్రద్ధకు కృతజ్ఞత చెప్పడం ధర్మం. అయితే కృతజ్ఞతతో బాధ్యత తీరదు. కోటలు పత్రాలను కాపాడగలవు; ఉదాత్తానుదాత్తస్వరితాలను కాపాడగలిగేది బ్రహ్మచారి కంఠమే. తెలుగునాట తైత్తిరీయం నేటికీ వినబడుతున్నదంటే ఎన్నో తరాల గురువులు ఉషఃకాలంలో సంత చెప్పినందువల్లనే. ఏ ఊరిలో ఆ సంత ఆగుతుందో, ఆ ఊరి వేదాన్ని రేపటివారు ఎక్కడో ఒక దూరపు కొండకోటలో వెదకవలసి వస్తుంది.