సడ్‌బరీ పూటకూటియిల్లు: యజమానులును కవియును

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున, బోస్టను నగరమునకుఁ బడమట నించుమించుగా నిరువది మైళ్ల దవ్వున, సడ్‌బరీ యను చిన్న యూరు గలదు. ఆ యూరి పాతబాట ప్రక్క నొక పూటకూటియిల్లు మూఁడు వందల యేండ్లకుఁ బైఁబడి నిలిచియున్నది. నేఁడు దానిని లాంగుఫెలో వేసైడ్ ఇన్ అందురు. వేసైడ్ ఇన్ అనఁగా బాటప్రక్కనున్న విడిది. ఈ పేరు ఇల్లు గట్టినవారు పెట్టినది కాదు. ఒక కావ్యమునుండి వచ్చి యింటికి స్థిరపడినది. కావ్యములను బట్టి స్థలచరిత్రములు వ్రాయువారు కావ్యసాక్ష్యము నెంతవఱకు విశ్వసింపవచ్చునో నిర్ణయించుట కీ యింటి వృత్తాంతము మిక్కిలి యుపకరించును.

ఇంటిని మొదలిడినవాఁడు డేవిడ్ హౌ. ఇతఁడు పదునెనిమిదవ శతాబ్దారంభమున నిచట రెండు గదుల చిన్న యింటిని గట్టుకొని కాపురముండెను. బోస్టనునుండి న్యూయార్కునకుఁ బోవు టపాబాట యింటిముందే సాగుటచే బాటసారులు తఱచుగా వచ్చుచుండిరి. ఆనాఁటి వలసరాజ్యమున బాటసారులకు విడిదియుఁ బానీయములును విక్రయించుటకు అధికారుల యనుజ్ఞ కావలసియుండెను. డేవిడు 1716వ సంవత్సరమున దానిని బడసెను. ఈ విడిది వయస్సును లెక్కించువారు 1716నుండియే లెక్కింతురు. కాఁబట్టి కాపురపుటింటికిఁ బుట్టిన తేది వేఱు, పూటకూటియింటికిఁ బుట్టిన తేది వేఱు. ఈ భేదమును మఱచినచో గాలనిర్ణయము చెడును.

డేవిడు కుమారుఁడు ఎజెకీల్ హౌ ఇంటిని విస్తరింపఁజేసెను. అతని కాలమున వాకిట ఎఱ్ఱగుఱ్ఱపు బొమ్మగల పలక వ్రేలాడుచుండుటచే జనులు దీనిని 'రెడ్ హార్స్' అని పిలిచిరి. 1775 ఏప్రిలు 19వ తేదిని ఆంగ్లసేనతోఁ గాంకర్డునొద్ద పోరు జరిగినపుడు సడ్‌బరీ యోధులను నడిపించుకొని పోయినవాఁ డీతఁడే. 1796లో నెజెకీలు మరణింపఁగా నతని కొడుకు ఆడమును, ఆడము పిదప నతని కొడుకు లైమనును యజమానులైరి. ఇట్లు నాలుగు తరములు హౌ వంశమువారే వచ్చినవారికి నన్నము పెట్టి వెలగొనిరి. 1835లో బోస్టనునుండి వూస్టరునకు రైలుమార్గ మేర్పడుటతో గుఱ్ఱపుబండ్ల రాకపోకలు క్రమముగా సన్నగిల్లెను. బాటతోపాటు విడిదియు వన్నె తగ్గెను. అవివాహితుఁడైన లైమను 1861లో మరణింపఁగా యింటిసామాను వేలమున విక్రయింపఁబడెను. ఇల్లు బంధువులకుఁ జెందెను. అటుపిమ్మట ముప్పదియైదేండ్లకు మించి యది బాటసారులకు విడిదిగా నడవలేదు. కాఁబట్టి 1716నుండి విచ్ఛేదము లేక నడచుచున్నదను లోకవాదమును సవరించుకొని గ్రహింపవలయును.

1862 అక్టోబరులో హెన్రీ వాడ్స్వర్తు లాంగుఫెలో మహాకవి తన ప్రకాశకుఁడగు జేమ్స్ ఫీల్డ్సుతోఁ గూడి యీ యింటిని జూడవచ్చెను. అంతకు ముందటి యేఁడే యతని భార్య అగ్నిప్రమాదమున మరణించియుండెను. మఱుసటి సంవత్సరము, 1863లో, అతఁడు 'టేల్స్ ఆఫ్ ఎ వేసైడ్ ఇన్' అను కథాకావ్యమును బ్రకటించెను. తొలుత దానికి సడ్‌బరీ కథలని పేరిడ నెంచెనుగాని, చాసరు కవి కాంటర్‌బరీ కథలను దలఁపించునని మిత్రుఁడు వారింపఁగా మానుకొనెను. ఆ పేరే నిలిచియున్నచో నీ యిల్లు నేఁడే పేరఁ బరఁగుచుండెడిదో!

కావ్యమున నేడ్గురు చలిమంట చుట్టును గూర్చుండి కథలు చెప్పుదురు. వారు కేవల కల్పితులు కారు. సంగీతజ్ఞుఁడు నార్వే దేశపు వాయులీన విద్వాంసుఁడు ఓలీ బుల్, సిసిలీవాఁడు లూయీజీ మాంటీ, కవి టి. డబ్ల్యు. పార్సన్స్. వీరిలోఁ గొందఱు ఆ యింట వేసవి గడపినవారే. అయినను ఏడ్గురును గూడి యొక్క రాత్రి యచటఁ గథలు చెప్పుకొనుట కవికల్పన. గృహయజమాని పాత్రకు మూలము లైమను. కవి వచ్చిననాఁటి కతఁడు జీవించిలేఁడు. యజమాని చెప్పిన పాల్ రివీరు గుఱ్ఱపుస్వారి కథ 1861 జనవరిలోనే మాసపత్రికలో వెలువడి, పిదప నతని నోటఁ బెట్టఁబడినది. కావ్యమునే ప్రమాణముగాఁ గొని 1862లో లైమను అతిథులకుఁ గథలు చెప్పెనని వ్రాసినచో నది యసత్యమగును.

అట్లని కావ్యసాక్ష్యము నంతయుఁ ద్రోసిపుచ్చరాదు. కావ్యారంభమున వర్ణితమైన హౌ వంశచిహ్నమును, 1774లో నొక యతిథి గవాక్షపు గాజుపలకపై గీసిన పద్యమును నిజముగా నాయింట నుండినవే. ఈ యింటి విషయమునఁ గవి వస్తువులకు విశ్వసనీయుఁడైన సాక్షి; వ్యక్తుల కూటమునకుఁ గాఁడు.

1897లో ఉన్నివర్తకుఁడును పురాతనవస్తు సంగ్రాహకుఁడును నగు ఎడ్వర్డ్ రివర్స్ లెమన్ ఇంటిని గొని, కావ్యనామమునే దానికిఁ బెట్టి మరల విడిదిగా నడిపెను. అతని యనంతరమున 1923లో మోటారుకార్ల నిర్మాత హెన్రీ ఫోర్డు దీనిని గొనెను. ఫోర్డు చుట్టును వేలకొలఁది యెకరములు సేకరించి, వేఱొక యూరినుండి యొక పాత బడిని దెచ్చి నిలిపెను. 1929లోఁ బిండిమరను, 1940లోఁ బ్రార్థనామందిరమును గట్టించెను. మోటారుబండ్ల తాఁకిడికి పాతయిల్లు చెడునని తన సొమ్ము వెచ్చించి పెద్దబాటను దూరముగాఁ ద్రిప్పించెను. బండ్లను లోకమున నింపినవాఁడే వానినుండి యింటిని గాపాడఁజూచుట విచిత్రము. ఆ పరిసరమును జూచు నేఁటి యాత్రికుఁడు పిండిమరను ఎజెకీలు నాఁటిదిగా భ్రమింపవచ్చును. చరిత్రకారుఁ డట్లు భ్రమింపరాదు.

1955 డిసెంబరులో అగ్నిప్రమాదము సంభవించి యింటిలోఁ జాలభాగము కాలిపోయెను. ఫోర్డు సంస్థ ద్రవ్యసాహాయ్యమునఁ బునర్నిర్మితమై 1958లో మరలఁ దెఱవఁబడెను. నేఁడు లాభాపేక్ష లేని ధర్మకర్తల యధీనమున నడచుచున్నది.

మన క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియింటి భోజనము వర్ణింపఁబడినది. ఆ యిల్లు లేదు. పద్యము మాత్రము మిగిలినది. సడ్‌బరీయందుఁ బద్యమే యింటిని నిలిపినది. లాంగుఫెలో వ్రాయకున్నచో లెమను వంటివాఁడు కావ్యనామమును బెట్టుట కవకాశము లేదు. ఫోర్డును ఆకర్షించిన కీర్తియు నుండెడిది కాదు. కావున స్థలచరిత్రమును వ్రాయునపుడు కావ్యమును రెండు విధములఁ బరిశీలింపవలయును: అది చెప్పిన దెంత నిజమని యొకటి, చెప్పినపిదప నది లోకమున నేమి కావించెనని రెండవది. మొదటి ప్రశ్నకు అనుజ్ఞాపత్రములును మరణసంవత్సరములును సమాధానము చెప్పును. రెండవదానికి నిలిచియున్న యిల్లే సమాధానము.