మాడిన గిన్నె చెప్పిన చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను మా వంటింటి గిన్నెల చరిత్ర విన్నవించుకుంటున్నాను.

ఈమధ్య మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. పాలు కాచే పని నా మీద పడింది. పొయ్యి మీద పాలు పెట్టి పేపరు చదువుతూ కూర్చున్నాను. వాసన వచ్చి లేచేసరికి స్టీలు గిన్నె అడుగు బొగ్గయింది. ఎంత తోమినా మాడు వదల్లేదు. అప్పుడు మా అమ్మ గుర్తుకు వచ్చింది.

1950ల చివర మా ఇంట్లో కట్టెల పొయ్యి, ఇత్తడి గిన్నెలు. పొయ్యిలో బూడిదే అంట్లకు సరుకు. అమ్మ దాన్ని కొబ్బరిపీచుతో అద్ది తోమేది. కట్టెల బూడిదలోని క్షారం జిడ్డును విరుస్తుంది. ఇత్తడికి పట్టిన చిలుమును చింతపండు పులుపు కరిగిస్తుంది. గిన్నె లోపల కళాయి ఉండాలి; లేకపోతే పులుసు చిలుమెక్కేది. కళాయి వేసే అతను వీధిలో గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం పూసేవాడు. మాడిన గిన్నెను గట్టిగా రుద్దితే ఆ పూత ఊడిపోతుంది కనుక అమ్మ రాత్రంతా నానబెట్టేది.

తరువాత సిల్వరు గిన్నెలు వచ్చాయి. పేరు సిల్వరేగాని అది అల్యూమినియం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ విడివిడిగా ఆ లోహాన్ని విద్యుత్తుతో చవకగా తీసే పద్ధతి కనిపెట్టారు. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దొరగారు అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ రాజధానిలోనివే. ఈ గిన్నె తేలిక, చవక, కళాయి అక్కరలేదు. కాని సోడా తగిలితే నల్లబడుతుంది.

1978లో ఒక ఉదయం మా ఆవిడ అటువంటి గిన్నెలోనే పాలు మాడ్చింది. ఒళ్ళో చంటిబిడ్డ. ఆఫీసుకు ఆలస్యమవుతోందని నేను నాలుగు మాటలు అన్నాను. సాయంత్రం వచ్చేసరికి గిన్నె తెల్లగా ఉంది. ఎలా తోమావని అడగలేదు.

స్టీలు సంగతి కూడా చెప్పాలి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కు తయారుచేశారు. మన ఇళ్ళలో అది వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. గ్యాసు పొయ్యి వచ్చి ఇంట్లో బూడిద పోయింది. అంట్లకు కొట్టు పొడి, ఆపైన సబ్బు బిళ్ళ వచ్చాయి. స్టీలులో వేడి త్వరగా పాకదు. అందుకే పలుచని గిన్నె మంట తగిలినచోటే మాడుతుంది.

నా అవస్థ విని మా ఆవిడ మంచం మీదనుంచే చెప్పింది: "గోకకండి. మాడు మునిగేలా నీళ్ళు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించండి. చల్లారాక చెక్క గరిటెతో తీయండి." అలాగే చేశాను. మాడు పెచ్చులుగా లేచింది. మిగిలిన మరకకు నిమ్మచెక్క రుద్దాను.

"మరి ఆనాటి సిల్వరు గిన్నె?" అని అడిగాను. "మీకింకా గుర్తుందా! దానికి సోడా పనికిరాదు. చింతపండు నీళ్ళు రెండుసార్లు మరిగించి తోమాను. వేళ్ళు ఒరుసుకుపోయాయి. రాత్రి అన్నం చెంచాతో తిన్నాను, మీరు చూడలేదు" అంది.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎందరి సంజాయిషీలకో నెంబరు వేసి ఫైలులో పెట్టాను. నేను ఇవ్వవలసిన సంజాయిషీ ఒకటి ఇన్నేళ్ళు పెండింగులో ఉండిపోయింది. ఆ సాయంత్రం ఇచ్చాను. "సరేలెండి, పాలు చూడండి" అంది మా ఆవిడ.

సభ్యులు కూడా తమ ఇళ్ళలో పెద్దవారిని ఇటువంటి సంగతులు అడిగి వ్రాసి ఉంచవలసిందిగా మనవి. సెలవు.